30 సెకన్ల టైమ్‌అవుట్‌లో పిల్లలతో ఎలా మాట్లాడాలి

కబడ్డీలో ఒక్కో హాఫ్‌లో జట్టుకు రెండు టైమ్‌అవుట్లు ఉంటాయి, ఒక్కోటి 30 సెకన్లు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో అమ్మాయిల జట్టుకు కోచ్‌ని. ఆ 30 సెకన్లలో కోచ్ అరుపులకి పిల్లలు వచ్చిన ఆట కూడా మర్చిపోవడం టోర్నమెంట్లలో చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. కొత్తగా జట్టును చేపట్టిన పీఈటీల కోసం ఇది రాస్తున్నాను.

విజిల్ పడగానే మొదలుపెట్టకండి. పిల్లలు ఆయాసపడుతుంటారు, చెప్పింది చెవిన పడినా బుర్రకెక్కదు. ముందు నీళ్ళివ్వండి, అందరి ముఖాలూ చూడండి. ఈలోపు మీ గొంతు కూడా దిగుతుంది.

తర్వాత ఒక్కటే చెప్పండి. రెండోది చెబితే మొదటిది పోతుంది. అవతలి రైడర్ (కూతకి వచ్చే అమ్మాయి) వరసగా మన లెఫ్ట్ కార్నర్ వైపు వచ్చి, బోనస్ గీత దాటి అదనపు పాయింట్, అంటే బోనస్, కొడుతోందనుకోండి. కార్నర్‌లో ఉన్న అమ్మాయి తొందరపడి ముందుకు దూకి, కాలు దొరక్క అవుటవుతోంది. "ఎందుకు దూకుతున్నావ్? ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారంటే ఆ పిల్ల తల దించుకుంటుంది, తర్వాతి కూతకి చెయ్యే చాపదు. నేనైతే పేరు పెట్టి పిలిచి, "బోనస్ పోతే పోనివ్వమ్మా. తను వెనక్కి తిరిగేటప్పుడు కాలు పట్టు, కవర్ వచ్చి అడ్డం పడుతుంది" అంటాను. వెంటనే కవర్ అమ్మాయి, అంటే కార్నర్‌కి లోపలి వైపు నిలబడి పట్టుకి సాయం వచ్చే అమ్మాయి, వైపు తిరిగి "వస్తావుగా?" అని అడుగుతాను. ఆఖర్న కార్నర్ అమ్మాయిని "ఇప్పుడేం చేస్తావ్?" అంటాను. "తిరిగేటప్పుడు పడతాను మేడమ్" అందంటే విషయం ఎక్కినట్టే. "సరేనా?" అని మాత్రం అడగొద్దు. అందరూ సరే అనే అంటారు, అర్థమైందో లేదో మనకి తెలీదు.

అంపైర్ నిర్ణయం మీద టైమ్‌అవుట్‌లో ఒక్క సెకను కూడా పెట్టకండి. కోచ్ ఊగిపోతే పిల్లలూ వాదనకి దిగుతారు. గ్రీన్ కార్డ్ అయితే హెచ్చరికతో పోతుంది, ఎల్లో కార్డ్ పడితే ఆ అమ్మాయి 2 నిమిషాలు బయటే.

ఇదంతా మ్యాచ్ రోజున ఉన్నట్టుండి రాదు. రోజూ అరిచే కోచ్ ఆ రోజు మెల్లగా మాట్లాడితే, ఏదో కొంప మునిగిందని పిల్లలు ఇంకా టెన్షన్ పడతారు. అందుకే సాయంత్రం ప్రాక్టీస్‌లో కూడా టైమ్‌అవుట్లు పెట్టండి. గడియారం చూస్తూ అదే 30 సెకన్లు, అదే గొంతు. అప్పుడప్పుడు కెప్టెన్‌నే మాట్లాడనివ్వండి. కోర్టు లోపల ఏం జరుగుతోందో తనకే బాగా తెలుసు, మనం గీత అవతల నిలబడి చూసేవాళ్ళమే.

ఓడిపోయిన రోజు తప్పులు ఎత్తకండి. అన్నం పెట్టించి, క్షేమంగా ఇళ్ళకి చేర్చండి. మర్నాడు గ్రౌండ్‌లో ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, ముందు బాగా పట్టిన ఒక పట్టు గురించి, తర్వాత దిద్దుకోవాల్సిన ఒక్క విషయం చెప్పి, వెంటనే దాన్నే ప్రాక్టీస్ చేయించండి.