ముసలి ఎలుకల చెవుడు మీద పేపర్ చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

రేడియేషన్ తగిలిన ముసలి ఎలుకకి వైరస్ సోకితే వినికిడి ఏమవుతుంది అనే తరహా పేపర్ జర్నల్ క్లబ్‌లో (అంటే అందరూ కూర్చుని ఒక పరిశోధన పేపర్‌ని చర్చించే చోట) మీ వంతుకి వచ్చిందనుకోండి. టెన్షన్ పడకండి. అబ్‌స్ట్రాక్ట్ పక్కన పెట్టి నేరుగా మెథడ్స్‌లోకి వెళ్లండి, అక్కడ కూడా ముందు ఎలుక ఏ స్ట్రెయినో, అంటే ల్యాబ్ ఎలుకల్లో ఏ జాతి రకమో చూడండి.

సీ57 బ్లాక్ 6 అని ఉంటే కాసేపు ఆగాల్సిందే. ల్యాబుల్లో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది, కానీ దీనికి పుట్టుకతోనే క్యాడ్‌హెరిన్-23 జీన్‌లో ఒక తేడా ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే హెయిర్ సెల్స్ మీదుండే సన్నటి కేశాల కొసల్ని ఒకదానితో ఒకటి కలిపి ఉంచే ప్రోటీన్ అది, దాంట్లో తేడా ఉండటం వల్ల ఈ ఎలుకకి ఏడాది తిరిగేసరికి, రేడియేషన్ ఇవ్వకపోయినా వైరస్ ఎక్కించకపోయినా, హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు చాలావరకు వినపడవు. సీబీఏ స్ట్రెయిన్ అలా కాదు, ఏడాదిన్నర వయసులో కూడా దాని చెవులు బాగానే ఉంటాయి. అందుకే బ్లాక్ 6 ఒక్కదాని మీదే చేసిన వృద్ధాప్యపు చెవుడు పేపర్‌ని నేను సగం నమ్మకంతోనే చదువుతాను. వయసు కూడా చూడండి: 18 నుంచి 24 నెలలంటే మనిషి లెక్కలో సుమారు 56 నుంచి 69 ఏళ్లు. ఏడాది ఎలుకని ముసలిది అంటే ఒప్పుకోకండి.

తర్వాత డోస్. గ్రే అంటే ఒంట్లోకి దిగిన రేడియేషన్‌ని కొలిచే యూనిట్, ఆ అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. తల, మెడ క్యాన్సర్‌కి మనుషులకి రోజుకి 2 గ్రే చొప్పున మొత్తం 60-70 గ్రే దాకా ఇస్తారు, కానీ అదంతా ఆ భాగానికే. ఎలుక ఒళ్లంతటికీ ఒకేసారి 8 గ్రే ఇస్తే చాలా స్ట్రెయిన్లలో నెల లోపే ఎన్నో చచ్చిపోతాయి, ఎందుకంటే ఎముక మజ్జ దెబ్బతింటుంది. వైరస్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, లింఫోసైట్లయితే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతాయి. కాబట్టి వైరస్‌ని మూడో రోజు ఎక్కించారా, మూడు నెలలకి ఎక్కించారా అన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది.

వైరస్ సంగతికొస్తే, పసిపిల్లల్లో పుట్టు చెవుడుకి జీన్లు కాకుండా ఉన్న కారణాల్లో మొదటిది సైటోమెగలోవైరస్. మనిషికి సోకే ఆ వైరస్ ఎలుకలో పెరగదు, ఎలుకల సైటోమెగలోవైరస్ వేరే ఉంది. దానితో చెవుడు చూపించిన ప్రయోగాలు ఎక్కువగా అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మీద చేసినవే. వాటిని చూపించి ముసలి ఎలుక గురించి తీర్పు చెబితే ఎలా కుదురుతుంది?

ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఏబీఆర్ బొమ్మల దగ్గర, అంటే శబ్దానికి చెవి నరం, బ్రెయిన్ స్టెమ్ ఇచ్చే విద్యుత్ స్పందనని గీసిన గీతల దగ్గర. ఎలుకకి మత్తిచ్చి, నడినెత్తిన, చెవి వెనక చర్మం కింద సూది ఎలక్ట్రోడ్లు పెట్టి, శబ్దాన్ని 80-90 డెసిబెల్స్ నుంచి అయిదేసి చొప్పున తగ్గించుకుంటూ వస్తారు. గీత మీద వరసగా చిన్న చిన్న శిఖరాలు కనిపిస్తాయి. మొదటిది చెవి నరానిది, తర్వాతవి బ్రెయిన్ స్టెమ్‌లో పైకి వెళ్లే మెట్లవి. ఆ శిఖరాలు ఆఖరిసారి కనిపించిన డెసిబెలే థ్రెషోల్డ్. చాలామంది థ్రెషోల్డ్ టేబుల్ పెట్టేసి ఊరుకుంటారు. కానీ థ్రెషోల్డ్ మామూలుగా ఉండి కూడా మొదటి శిఖరం పొట్టిదైపోవచ్చు, అంటే హెయిర్ సెల్‌కీ నరానికీ మధ్య సంకేతాన్ని అందించే అతుకులు, సైనాప్స్‌లు తెగిపోయి ఉండొచ్చన్నమాట. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు పెద్ద శబ్దం తగిలిన ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూపించారు. టైటిల్‌లో "వినికిడి మార్గం" (చెవి నుంచి మెదడు దాకా ఉన్న దారి) అని పెట్టి లోపల థ్రెషోల్డ్ మాత్రమే కొలిస్తే అది మార్గం గురించిన పేపర్ కాదు. వయసుతో ఇన్ఫీరియర్ కాలిక్యులస్‌లో (మెదడులో ఆ దారిలో ఉండే ఒక మజిలీ) నరాల్ని శాంతపరిచే రసాయనం గాబా తగ్గి, నరాల సంకేతాల్ని అదుపులో పెట్టే శక్తి పలచబడుతుంది, అలాంటివి చూడాలంటే మెదడు కణజాలం దాకా వెళ్లక తప్పదు. అన్నట్టు, మత్తులో ఎలుక ఒళ్లు చల్లబడితే శిఖరాలు ఆలస్యంగా వస్తాయి. హీటింగ్ ప్యాడ్ వాడామని రాశారో లేదో చూసుకోండి.

గ్రూపులు నాలుగుండాలి: ఏమీ ఇవ్వనివి, రేడియేషన్ ఒక్కటే, వైరస్ ఒక్కటే, రెండూ, అన్నీ ఒకే వయసువి. రెండూ ఇచ్చిన గ్రూపులో చచ్చిపోయినవి ఎన్ని, చివరికి కొలవడానికి మిగిలినవి ఎన్ని అన్నది కూడా వెతకండి, గట్టివి మాత్రమే బతికితే సగటు మారిపోతుంది.

చివరగా కర్ణభేరి. రోగనిరోధక శక్తి పడిపోయిన ఎలుకకి నడిమి చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చి నీరు చేరితే థ్రెషోల్డ్ ఎలాగూ పెరుగుతుంది. అప్పుడు లోపలి చెవికీ నరానికీ ఏమీ కాకపోయినా పేపర్‌లో చెవుడు వచ్చినట్టే కనిపిస్తుంది. ఓటోస్కోప్‌తో చూసి నీరున్న ఎలుకల్ని తీసేశామన్న వాక్యం ఎక్కడా దొరక్కపోతే, జర్నల్ క్లబ్‌లో మీ మొదటి ప్రశ్న అదే అడగండి.