పిల్లి ఉన్న ఇంటికి వెళ్తున్నారా? నిమిరే ముందు ఇవి చూసుకోండి

సెలవులొస్తున్నాయి. పిల్లలతో చుట్టాలింటికి వెళ్తే, అక్కడ పిల్లి ఉంటే, పిల్లలకి ఇవి ముందే చెప్పి ఉంచండి.

• వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందని చెయ్యి పెట్టొద్దు. భయం లేదని చెప్పడమే అది, నిమరమని పిలవడం కాదు. పెట్టారో, ముందుకాళ్లతో చేతిని వాటేసుకుని వెనకకాళ్లతో బరబరా రక్కుతుంది.

• తోక మీద ఓ కన్నేయండి. నిటారుగా లేపుకుని వస్తే పలకరింపు. తోక టపటపా నేలకేసి కొడుతుంటే విసుగు. కుక్కలా సంతోషంతో ఊపుతోందనుకుంటే పొరపాటే.

• వీపు మీద చర్మం అలలా వణికినా, చెవులు పక్కకి వాలినా, తల చటుక్కున మీ చేతివైపు తిరిగినా చెయ్యి తీసేయండి. ‘ఉన్నట్టుండి కరిచింది’ అని నేనూ చాలాసార్లు అన్నాను. నిజానికి మా పిల్లి అంతకుముందే ఈ మూడూ చేసింది, ఫోన్ చూస్తున్నది నేనే.

• ముందు వేలు చాపి ఆగండి. వాసన చూసి బుగ్గ రుద్దితే సరేనన్నట్టు. బుగ్గలు, గడ్డం కింద చాలు. రెండు మూడు సెకన్లు నిమిరి ఆపితే, కావాలంటే అదే తల తోస్తుంది.

• గురగురమంటోంది కదా, హాయిగా ఉందని నమ్ముకోవద్దు. నొప్పిగా ఉన్నా చేస్తుంది.

• కరిస్తే, గాయం సూదిపోటంతే ఉన్నా లోతుగా దిగుతుంది. సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు డాక్టరుకి చూపించండి. రేబిస్ టీకా సంగతి ఆయన్నే అడగండి.