హాస్కెల్ పాఠాలు – 7: జంటలో దాగిన బకాయి

ఈ వారం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రికార్డుల గురించి చెప్పాల్సింది. దాన్ని వచ్చే వారానికి జరిపాను. కారణం ఆరో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం. విశాఖ చేపల రేవులో ఒక రోజు తూకాల జాబితా ఊహించుకుని, ఒక్కో గంపకు సగటు బరువు కట్టమన్నాను. నమూనాలో పది తూకాలే ఉన్నాయి కనుక జవాబు అందరికీ వచ్చింది. ఉత్సాహవంతులు అంతటితో ఆగక అదే కోడ్‌కు కోటి అంకెలు ఇచ్చారు. "మాస్టారూ, మౌస్ కూడా కదలడం లేదు" అని గాజువాక నుంచి ఒకరు రాశారు. అలాంటి ఉత్తరాలు ఇంకా వచ్చాయి. ఇది తేలకుండా ముందుకు వెళ్తే తర్వాతి పాఠాలన్నీ ఇసుక మీదే నిలబడతాయి.

కోడ్‌ను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. మీరు మామూలు హాస్కెల్ పేర్లే కొట్టండి. పూర్ణాంకాన్ని వేరే అంకె రకంలోకి మార్చే ఫ్రమ్‌ఇంటిగ్రల్ ఎక్కడ పెట్టాలో మూడో పాఠంలో అయిపోయింది, మళ్లీ చెప్పను.

మీరు పంపినవాటిలో ఎక్కువ కోడ్‌లు ఫోల్డ్‌ఎల్‌తో, అంటే జాబితాను ఎడమ నుంచి ఒక్కొక్కటిగా కలుపుతూ ఒకే విలువగా మడిచే ఫంక్షన్‌తో, మొదలయ్యాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో స్కాలా రాసేవారికీ, సొంతంగా ఓకామెల్ నేర్చుకున్నవారికీ ఎడమ నుంచి మడిచే ఫోల్డ్ క్షేమమని చేతికి అలవాటైపోయింది. ఆ భాషల్లో అది నిజమే. ప్రతి అడుగులో కూడిక అక్కడికక్కడే జరిగిపోతుంది. హాస్కెల్‌లో ఏం జరుగుతుందో వరుసగా రాసి చూడండి:

ఫోల్డ్‌ఎల్ (+) 0 [4, 7, 9]
ఫోల్డ్‌ఎల్ (+) (0 + 4) [7, 9]
ఫోల్డ్‌ఎల్ (+) ((0 + 4) + 7) [9]
ఫోల్డ్‌ఎల్ (+) (((0 + 4) + 7) + 9) []

ఫంక్షన్ తనను తాను చివరి పనిగానే పిలుచుకుంటోంది. అంటే టెయిల్ రికర్షన్ ఉంది. అయినా బ్రాకెట్లు పెరుగుతూనే ఉన్నాయి. "టెయిల్ రికర్షన్ ఉంటే మెమరీ గురించి దిగులు అక్కర్లేదు" అనే సూత్రాన్ని హాస్కెల్ గుమ్మం బయటే వదిలి రావాలి. ఇక్కడ పిలుపు ఎలా ఉందన్నది సగం సంగతే. ఆ పిలుపు వెంట వెళ్తున్న విలువ లెక్కకట్టినదా, కట్టాల్సినదా అన్నది మిగతా సగం.

కిరాణా కొట్టులో అరువు సరుకు తీసుకున్న ప్రతిసారీ పాత బాకీతో కలిపి కొత్త మొత్తం రాయకుండా, ఒక్కో చీటీని మేకుకు గుచ్చుతూ పోయారనుకోండి. అడిగిన రోజున చీటీలన్నీ దించి కూడాలి. కట్టకుండా వాయిదా వేసిన ఇలాంటి లెక్కనే థంక్ అంటారు. ఒక్కో థంక్‌కు మెమరీలో కొన్ని పదుల బైట్లు పడతాయి. కోటి అంకెలకు కోటి థంక్‌లు. వందల మెగాబైట్లు అక్కడే పోయాయి. చివర్లో వాటిని విప్పేటప్పుడు స్టాక్ (సగంలో ఆగిన లెక్కలను గుర్తుంచుకునే మెమరీ) కూడా అంతే లోతుకు దిగుతుంది.

"పాత వ్యాసాల్లో స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ఎర్రర్ వస్తుందని ఉంది, నాకు అది రాకుండా యంత్రమే ఆగిపోయింది" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. పూర్వం హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీలో స్టాక్‌కు 8 మెగాబైట్ల హద్దు ఉండేది కాబట్టి తప్పు వెంటనే బయటపడేది. 2014లో వచ్చిన 7.8 వెర్షన్ నుంచి ఆ హద్దు యంత్రంలోని మెమరీలో 80 శాతం. ఎర్రర్ కనబడేలోపే మిగతా ప్రోగ్రాములన్నీ ఊపిరాడక కొట్టుకుంటాయి.

మందు తెలిసిందే: ఫోల్డ్‌ఎల్'. చివర ఆ చిన్న గీత ఉన్న రకం ప్రతి అడుగులో విలువను కట్టించి ముందుకు వెళ్తుంది. జీహెచ్‌సీ 9.10 నుంచి అది నేరుగా దొరుకుతుంది, అంతకుముందు వెర్షన్లలో డేటా.లిస్ట్ నుంచి దిగుమతి చేసుకోవాలి. గీత లేని ఫోల్డ్‌ఎల్‌ను నేను అసలు వాడను. దానితోనే జరిగే పని నాకు ఇంతవరకు తగల్లేదు. కుడి నుంచి మడిచే ఫోల్డ్‌ఆర్ సంగతి వేరు, అది మధ్యలో ఆగగలదు. అంతులేని [1..] జాబితాలో పదికి మించిన అంకె ఉందా అని ఫోల్డ్‌ఆర్‌తో అడిగితే పదకొండు దగ్గర జవాబు చెబుతుంది. ఎడమ నుంచి మడిచే రెండు రకాలూ ఎప్పటికీ తిరిగి రావు.

ఇక్కడిదాకా చాలామంది సొంతంగానే వచ్చారు. గీత పెట్టారు, అయినా మెమరీ నిండింది. ఈ పాఠం రాసింది దీని కోసమే. సగటుకు మొత్తం, లెక్క రెండూ కావాలి కనుక అందరూ ఆ రెంటినీ కలిపి ఒక జంటగా (టపుల్) మోసుకెళ్లారు. జీహెచ్‌సీఐ (కొట్టిన వరుసకు అక్కడికక్కడే జవాబిచ్చే జీహెచ్‌సీ తెర) తెరిచి ఇది కొట్టండి:

లెట్ ర = ఫోల్డ్‌ఎల్' (\(మొ, లె) అ -> (మొ + అ, లె + 1)) (0, 0) [10, 20, 30] :: (ఇంట్, ఇంట్)

ఇప్పుడు :స్ప్రింట్ ర అని అడిగితే ర = _ అని వస్తుంది. కట్టని లెక్కను అది అడుగు గీతతో చూపిస్తుంది. తర్వాత, విలువను కట్టించే సెక్‌తో, సెక్ ర () అని కొట్టి మళ్లీ :స్ప్రింట్ అడగండి. ఈసారి ర = (_,_). ఫోల్డ్ మొత్తం పూర్తయింది, జంట తయారైంది, లోపల రెండు గదులూ ఇంకా బకాయే! జంటలో మొదటి గదిని ఇచ్చే ఎఫ్‌ఎస్‌టీతో, ఎఫ్‌ఎస్‌టీ ర అని అడిగితే 60 వస్తుంది. ఆ తర్వాత :స్ప్రింట్ చూపేది ర = (60,_). అడిగిన గది మాత్రమే తేలింది.

కారణం ఇదీ. సెక్ అయినా, ఫోల్డ్‌ఎల్' అయినా విలువను దాని పైపొర కనబడేదాకానే కట్టిస్తాయి. అంకెకు పైపొర అంకే కనుక కూడిక జరిగిపోతుంది. జంటకు పైపొర "ఇది జంట" అన్న సంగతి మాత్రమే. లోపల ఉన్నవాటిని అది ముట్టుకోదు. జాబితా అయినా, మేబీ (ఉండొచ్చు, లేకపోవచ్చు అనే విలువ) అయినా ఇదే కథ.

దీనికి మీరు పంపిన చికిత్సల్లో మూడు పనికిరావు. మొదటిది, విలువను లోపలిదాకా కట్టించే ఫోర్స్‌ను చివర్లో పెట్టడం. బకాయి పేరుకుపోయాక వసూలు చేస్తే మెమరీ తిరిగి రాదు, అడుగడుగునా వసూలు చేయాలి. రెండోది, !(మొ, లె) అని జంట ముందు బ్యాంగ్ ("దీన్ని ఇప్పుడే కట్టించు" అనే ! గుర్తు) పెట్టడం. జంటను విప్పి చూసినప్పుడే పైపొర తేలిపోయింది కాబట్టి ఆ బ్యాంగ్ చేసే పని ఏమీ లేదు. అది లోపలికి పోవాలి: (!మొ, !లె). బయట పెట్టి "బ్యాంగ్ పెట్టినా పని చేయలేదు" అనే మాట ఎన్నిసార్లు విన్నా నాకు చిరాకు తగ్గదు, ఎందుకంటే అక్కడ తప్పు బ్యాంగ్‌ది కాదు. మూడోది, కోడ్‌ను మెరుగుపరచమని కంపైలర్‌కు చెప్పే మైనస్ ఓ2తో కంపైల్ చేసి ఊరుకోవడం. ఏ విలువ తప్పకుండా అవసరమో కంపైలర్ కనిపెట్టి ముందే కట్టించడం నిజమే, చాలాసార్లు అది కాపాడుతుంది. కానీ ఫంక్షన్‌ను కాస్త మార్చగానే ఆ పసిగట్టడం తప్పిపోవచ్చు. పైగా జీహెచ్‌సీఐలో మామూలుగా ఆ సాయం ఉండదు.

బ్యాంగ్‌ను కోడ్ అంతటా చల్లడం నాకు నచ్చదు. విలువ రకంలోనే (టైప్‌లోనే) ఒక్కసారి రాసేస్తాను:

డేటా తూకం = తూకం !డబుల్ !ఇంట్

ఇక తూకం విలువను కట్టించిన ప్రతిచోటా రెండు గదులూ కట్టించినవే. ఫోల్డ్‌ఎల్' పక్కన ఇది ఉంటే సరిపోతుంది.

సమ్‌ను (జాబితా మొత్తాన్ని) లెంగ్త్‌తో (జాబితా పొడవుతో) భాగించినవారికి ఒక మాట. మీ కోడ్ చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ సమ్ నడుస్తున్నంతసేపూ, వెనక లెంగ్త్‌కు కావాలి కనుక జాబితా మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది. ఒకే నడకలో రెండూ కడితే వాడేసిన అంకెను చెత్త ఏరేవాడు (గార్బేజ్ కలెక్టర్) ఎప్పటికప్పుడు తీసుకుపోతాడు.

అభ్యాసం ఈసారి కష్టమైనదే, రెండు మూడు సాయంత్రాలు పట్టినా ఫరవాలేదు. ఒక్కో వరుసలో చేప పేరు, బరువు ఉండే దస్త్రాన్ని మీరే తయారు చేసుకోండి. వంజరం, చందువ, కవళ్లు, రొయ్యలు చాలు. ఒకే నడకలో ఒక్కో రకానికి గంపల లెక్క, మొత్తం బరువు, అన్నిటికంటే పెద్ద తూకం కట్టాలి. పేరుకొక విలువను దాచే మ్యాప్ కోసం డేటా.మ్యాప్.స్ట్రిక్ట్ నుంచే ఇన్సర్ట్‌విత్ (పాత విలువకు కొత్తది కలిపి దాచే ఫంక్షన్) తెచ్చుకోండి. స్ట్రిక్ట్ లేని డేటా.మ్యాప్‌లోనూ అదే పేరుతో ఫంక్షన్ ఉంది, రకమూ అదే, కంపైలర్ నోరెత్తదు, బకాయి మాత్రం పేరుకుంటుంది. స్ట్రిక్ట్ మ్యాప్ కూడా విలువ పైపొర వరకే కట్టిస్తుందని మరచిపోవద్దు.

మైనస్ ఆర్‌టీఎస్ఆప్ట్స్‌తో కంపైల్ చేసి, నడిపేటప్పుడు ప్లస్ ఆర్‌టీఎస్ మైనస్ ఎస్ ఇవ్వండి. చివర వచ్చే పట్టికలో మ్యాగ్జిమమ్ రెసిడెన్సీ (ఒకేసారి వాడుకలో ఉన్న డేటా గరిష్ఠంగా ఎంత అన్నది) అనే వరుస చూడండి. దస్త్రాన్ని లక్ష వరుసల నుంచి పది లక్షలకు పెంచినా ఆ అంకె దాదాపు కదలకూడదు. పదింతలు పెరిగితే ముందు వెతకాల్సింది మ్యాప్‌లో దాచిన విలువ రకాన్ని. కోడ్‌తో పాటు ఆ రెండు అంకెలూ పంపండి, అవి లేని జవాబులు చూడను.