శ్రీశైలం ఘాట్‌లో సైకిల్ తొక్కే ముందు

హైదరాబాద్ వైపు నుంచి వెళ్తే అడవి మొదట్లో వచ్చే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. లోపలంతా పులుల అడవి. తెల్లారాకే బయల్దేరండి, చీకటి పడకముందే అడవి దాటేయాలి.

బ్రేకులు ముందురోజే చూసుకోండి. దోమలపెంట ఊరు దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగుతుంది. అదేపనిగా బ్రేకు నొక్కిపట్టి దిగితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలొచ్చు. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేయండి. ఎదురొచ్చే బస్సులు మలుపులో మీ వైపుకి వచ్చేస్తాయి, ఎడమ అంచు వదలొద్దు.

రెండు ట్యూబులు, పంపు, మూడు లీటర్ల నీళ్లు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకండి.

అరటిపళ్లు మాత్రం హ్యాండిల్‌కి తగిలించకండి, కోతులు మీకంటే వేగం.

డ్యామ్ దాటాక మళ్లీ ఎక్కుడే. కాళ్లలో కాస్త సత్తువ దానికి దాచుకోండి.