కోల్మన్‌స్కోప్ వెళితే ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

నమీబియాలో లూడెరిట్జ్ రేవు నుంచి పది కిలోమీటర్లు ఎడారిలోకి వెళితే కోల్మన్‌స్కోప్ వస్తుంది. ఒకప్పుడు వజ్రాల తవ్వకాలతో వెలిగి, ఇప్పుడు మనుషులు లేక పాడుబడిన ఊరు. వెళ్లినవాళ్లలో చాలామంది ఇసుక నిండిన గదుల్ని ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని కదా, అంత దూరం వెళ్లి ఊరి కథ తెలుసుకోకుండా రావడానికి నాకు మనసొప్పదు.

అక్కడికి పర్మిట్ ఉండాలి. గైడ్ టూర్లు పొద్దున పూటే ఉంటాయి, పైగా మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. కాబట్టి పెందలాడే చేరుకోండి.

కథ రైలు పట్టాల దగ్గర మొదలవుతుంది. 1908 ఏప్రిల్‌లో లైను మీద పేరుకున్న ఇసుకను పారతో ఎత్తిపోస్తున్న జకారియస్ లెవాలా అనే కార్మికుడికి మెరిసే రాయి కనిపించింది. దాన్ని తన పైఅధికారి ఆగస్ట్ స్టౌక్‌కి చూపించాడు. అది వజ్రం. స్టౌక్ కోటీశ్వరుడయ్యాడు, లెవాలాకు దక్కింది ఏమీ లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో జర్మన్ వలస ప్రభుత్వం చుట్టుపక్కల ప్రాంతాన్నంతా నిషిద్ధ మండలంగా ప్రకటించింది. ఈ ముక్క మనసులో పెట్టుకుని ఊళ్లోకి అడుగుపెట్టండి.

ముందు ఐస్ ఫ్యాక్టరీ చూడండి. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. మంచినీళ్లు కేప్‌టౌన్ నుంచి ఓడల్లో తెప్పించుకున్న ఊరు ఇది. అలాంటి చోట రోజూ ఇంటింటికీ ఐస్ దిమ్మలు పంచేవారు. వజ్రాల డబ్బు ఎంతగా పారిందో ఆ ఒక్క గదిలో అర్థమవుతుంది. ఆసుపత్రి, నాటకాలాడే హాలు, స్కిటిల్స్ (బంతి దొర్లించి కర్ర బొంగుల్ని పడగొట్టే ఆట) గది ఆ తర్వాత చూసినా పర్లేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఉండేది. అది జబ్బులకే కాదు, కార్మికులు వజ్రాలు మింగారేమో చూడటానికి కూడా పనికొచ్చిందని చెబుతారు.

ఆ పైన మేనేజరు, డాక్టరు, టీచరు వగైరా ఉన్న ఇళ్ల వరస. లోపల గోడల రంగులు, అంచుల్లో వేసిన డిజైన్లు ఇంకా కనిపిస్తాయి. చెక్క నేల పుచ్చిపోయి ఉంటుంది, చూసి అడుగెయ్యండి. ఇసుక దిబ్బల మీదికి ఎక్కి గోడలకు ఆనుకోవద్దు, ఆ రంగులు మళ్లీ వేసేవాళ్లు లేరు.

ఊరు ఖాళీ అయింది ఇసుక వల్ల కాదు. 1928లో దక్షిణాన ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర ఇంతకంటే పెద్ద వజ్రాల నిక్షేపాలు బయటపడ్డాయి. పని అటు మళ్లింది, జనమూ అటే పోయారు. 1956 నాటికి ఒక్కరూ మిగల్లేదు. ఇసుక లోపలికి వచ్చింది ఆ తర్వాతే.

టూర్ అయ్యాక గైడ్‌ని ఒవాంబో తెగ కార్మికుల బ్యారక్‌లు ఎక్కడుండేవో తప్పకుండా అడగండి. కాంట్రాక్టు మీద ఉత్తరం నుంచి వచ్చి, ఇసుకలో వరసగా పాక్కుంటూ చేతులతో వజ్రాలు ఏరినవాళ్లు వాళ్లే. ఫొటోలకు ఎంత టైమ్ పెట్టుకున్నా, ఇందుకు ఓ అరగంట విడిగా ఉంచుకోండి.