చిన్న బండా, పెద్ద పికప్పా? ముందు ఆర్‌సీ చూడండి

చీనీకాయలో టమోటానో అనంతపురం మార్కెట్‌కు తోలడానికి సొంత బండి కొనేవాళ్లకు ఒక మాట. టాటా ఏసా, బొలెరో పికప్పా అన్నది ధర చూసి తేల్చుకోకండి. ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండిది, రెండోది లోడుతో కలిపి దాటకూడనిది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీరు వేయగలిగే బరువు వస్తుంది. డ్రైవరు, పక్క సీట్లో మనిషి కూడా ఆ లెక్కలోకే.

ఏస్ గోల్డ్‌కు ఇది సుమారు ముప్పాతిక టన్ను. పికప్‌లో 1.3 టన్నులు, 1.7 టన్నుల మోడళ్లు ఉన్నాయి. టమోటా పెట్టె 15 కిలోలు అనుకున్నా, 50 పెట్టెలకే చిన్న బండి నిండినట్టు. ఖాళీ పెట్టెల బరువు వేరే!

నేను మొదట చిన్నదే కొన్నాను. మా చిన్నాయన తోటలో కాయ దింపిన రోజు 'ఇంకో పది పట్టవా' అనుకుంటూ ఎక్కించాం. గుత్తి రోడ్డులో వెనక టైరు ఢామ్మంది. ఎండలో లోడంతా దించి ఇంకో బండికి మార్చేసరికి ఆ రోజు బాడుగ దానికే పోయింది. తప్పు బండిది కాదు, మాదే.

అలాగని అందరికీ పెద్దది అక్కర్లేదు. ఊళ్లో కిరాణా, ఫర్నిచర్ తోలేవాళ్లకు సందుల్లో తిప్పుకోవడానికి చిన్నదే హాయి. సీజన్‌లో పది, ఇరవై రోజులే బరువు ఉంటే చిన్నది కొని, ఆ రోజులకు పెద్దది బాడుగకు పిలవండి. కొనేముందు తెలిసినవాళ్ల బండిలో మీ మామూలు లోడు ఒకటి వేసి, కాటా పెట్టించి చూడండి.