పాత హార్డ్ డిస్క్ ఉండగానే కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ జోడించడం ఎలా?

పవర్ బటన్ నొక్కాక డెస్క్‌టాప్ కనబడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంటే కొత్త కంప్యూటరే కొనాలేమో అనిపిస్తుంది. చాలాసార్లు ఆ అవసరం ఉండదు. ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది, పని ఆగేది హార్డ్ డిస్క్ దగ్గర. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం మీద చిన్న హెడ్ అటూ ఇటూ జరుగుతూ ఫైళ్లను వెతకాలి. ఒక్కో వెతుకులాటకు సుమారు 10 మిల్లీసెకన్లు. విండోస్ లేచేటప్పుడు ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లను చిప్‌లలో దాచే డ్రైవ్, అందులో తిరిగే భాగమే లేదు.

అయితే ఎస్‌ఎస్‌డీ బిగించినంత మాత్రాన వేగం రాదు. విండోస్ దాని మీదికి మారాలి. పాత డిస్క్ ఫొటోలకు, వీడియోలకు గోదాములా ఉంటుంది.

కొనేముందు

మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మాన్యువల్ తెరవండి. సాటా పోర్టు (హార్డ్ డిస్క్ డేటా కేబుల్ తగిలించే చోటు) ఖాళీగా ఉంటే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవచ్చు. ఎం.2 స్లాట్ (కేబుల్ లేకుండా ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులోకి దూర్చే గాడి) ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవుండే పుల్లలాంటి ఎస్‌ఎస్‌డీ పడుతుంది. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఎం.2లో సాటా రకం, దానికంటే వేగమైన ఎన్‌వీఎంఈ రకం చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మీ స్లాట్ ఏది ఒప్పుకుంటుందో మాన్యువల్‌లోనే చూడాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయవు, అదీ అక్కడే రాసి ఉంటుంది.

సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ దానికి ఎన్నో రెట్లు. అయినా పాత కంప్యూటర్‌కు సాటా చాలని నా అభిప్రాయం. రోజువారీ పనిలో హార్డ్ డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు తెలిసే తేడా, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే తెలియదు.

బిగించడం

ముఖ్యమైన ఫైళ్లు ముందుగా వేరే చోట కాపీ చేసుకోండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క మూత తీశాక క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది.

సాటా అయితే రెండు కేబుళ్లు. సన్నది డేటాకు, వెడల్పుది పవర్‌కు. కేబుల్ మూతి లోపలికి చూస్తే ఒక చివర వంపు తిరిగిన సన్నని గాడి కనబడుతుంది. డ్రైవ్ మీది ప్లాస్టిక్ నాలుక కూడా అదే ఆకారం. రెండూ కలిస్తే వేలితో నెట్టగానే దిగుతుంది, బలవంతం చేస్తే నాలుక విరుగుతుంది. ఇంకో పవర్ సప్లై తాలూకు కేబుల్ మాత్రం తెచ్చి వాడొద్దు. డ్రైవ్ వైపు ఒకేలా ఉన్నా, సప్లై వైపు పిన్నుల వరస వేరుగా ఉండి డ్రైవ్ కాలిపోవచ్చు.

ఎం.2 అయితే ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో స్లాట్‌లోకి తోయాలి. వదలగానే రెండో చివర పైకి లేస్తుంది. అది లోపం కాదు. కిందికి నొక్కి చిన్న స్క్రూ బిగించండి. పైన హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) పెడుతుంటే దాని ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర ఒలిచేయడం మరవొద్దు.

ఆన్ చేసి డిలీట్ లేదా ఎఫ్2 కీతో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి) వెళ్లండి. కొత్త డ్రైవ్ పేరు కనబడితే బిగింపు సరిగ్గా కుదిరినట్టే.

విండోస్ మార్చడం

కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తుంటే, ఆ పని అయ్యేదాకా పాత డిస్క్ కేబుల్ పీకేయండి. నేనొకసారి రెండూ తగిలించే ఇన్‌స్టాల్ చేశాను. నెలల తరబడి బాగానే నడిచింది. తర్వాత పాత డిస్క్ తీసేస్తే కంప్యూటర్ లేవనే లేదు. విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉంది కానీ, దాన్ని లేపే బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోనే ఉండిపోయాయి. ఒక్క కేబుల్ తీసి ఉంటే ఆ రోజంతా మిగిలేది.

ఉన్నది ఉన్నట్టు కావాలంటే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ (డిస్క్ మొత్తాన్ని నకలు తీసేది) వాడండి. పాత డిస్క్‌లో నిండిన భాగం ఎస్‌ఎస్‌డీలో పట్టాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. ఏది సోర్సో, ఏది టార్గెటో సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి, ఎందుకంటే టార్గెట్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పాత డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో (డిస్క్ విభాగాల వివరాలు రాసే పాత విధానంలో) ఉంటే ఎన్‌వీఎంఈ మీదికి క్లోన్ చేసినా చాలావరకు బూట్ కాదు. అప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నయం. క్లోన్ అయ్యాక మొదటిసారి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి ఆన్ చేయండి.

అన్నీ బాగుంటే పాత డిస్క్ మళ్లీ తగిలించి, బయోస్‌లో బూట్ వరసలో ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టండి. 1 టెరాబైట్ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనబడుతుంది. అది లెక్కపెట్టే పద్ధతిలోని తేడా, తరుగు కాదు.

ఆ తర్వాత

డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంటుంది, అక్కడ వాటిని పాత డిస్క్‌కు మార్చవచ్చు. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేర్చే) సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు, విండోస్ తనంతట తానే ట్రిమ్ చేస్తుంది, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది. ట్రిమ్ అయిన ఫైలును తిరిగి తీయడం దాదాపు అసాధ్యం కాబట్టి, పాత డిస్క్‌లోని పాత విండోస్‌ను రెండు మూడు వారాలు అలాగే ఉంచండి. ఏదో ఫైలు రాలేదని అప్పుడు గుర్తొచ్చినా, అది అక్కడ దొరుకుతుంది.